బడి కంప్యూటర్ల ఖర్చు: అపోహలు – వాస్తవాలు

జిల్లా పరిషత్ హైస్కూల్లో కంప్యూటర్ ల్యాబ్ బాధ్యత నాది. చుట్టుపక్కల బళ్ల హెచ్ఎంలు, తోటి టీచర్లు సలహా కోసం ఫోన్ చేసినప్పుడల్లా కొన్ని మాటలు మళ్లీ మళ్లీ వినబడతాయి. నిధులు తక్కువన్నది నిజం. ఉన్న కాస్త డబ్బూ దండగ కావడానికి మాత్రం చాలావరకు ఈ నమ్మకాలే కారణం.

అపోహ: కొనడానికే డబ్బు కావాలి. వచ్చాక ఖర్చేముంటుంది?

వాస్తవం: బళ్లకు నిధులిచ్చే కేంద్ర పథకం సమగ్ర శిక్ష లెక్కే చూడండి. ఐసీటీ (కంప్యూటర్) ల్యాబ్ పెట్టడానికి బడికి ఒకసారి ఇచ్చేది గరిష్ఠంగా 6.40 లక్షలు. నడపడానికి ఏడాదికి 2.40 లక్షల వరకు, అయిదేళ్లపాటు. అంటే నడపడానికే మొత్తం 12 లక్షలు, పెట్టిన ఖర్చుకి దాదాపు రెట్టింపు. ఆ అయిదేళ్లు దాటాక భారం కాంపోజిట్ గ్రాంట్ (బడి రోజువారీ ఖర్చులకు ఏటా ఇచ్చే నిధి) మీద పడుతుంది. కరెంటు పోయినా సిస్టమ్స్ ఆగకుండా చూసే యూపీఎస్‌ల బ్యాటరీలు చచ్చిపోయేదీ, హార్డ్‌డిస్కులు మొరాయించేదీ సరిగ్గా అప్పటికే. ఆ గ్రాంట్ ఎంత? పిల్లలు 30 దాటి 100 వరకు ఉంటే 25 వేలు, 250 వరకు 50 వేలు, 1000 వరకు 75 వేలు. అందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకే పోవాలి. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కుళాయి రిపేర్లు కూడా అందులోంచే.

అందుకే పూర్వ విద్యార్థులో, సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత నిధులు) కింద ఏదైనా కంపెనీయో ముందుకొస్తే మొహమాటపడకుండా అడగండి: "పది సిస్టమ్స్ బదులు ఏడు ఇవ్వండి సార్, మిగతా డబ్బుతో యూపీఎస్‌లు, మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీ ఇప్పించండి." ఫొటోలో మూడు తగ్గినా, ఏడూ నడుస్తాయి.

అపోహ: విండోస్ 10 పని అయిపోయింది, పాత సిస్టమ్స్ ఇక స్క్రాపే.

వాస్తవం: 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయిన మాట నిజం. ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్లున్న సిస్టమ్స్‌కి విండోస్ 11 అధికారికంగా రాదు. మన ల్యాబుల్లో చాలావరకు అవే. అయితే పోయింది మైక్రోసాఫ్ట్ మద్దతు, యంత్రం కాదు.

మొదట హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్క్) వేయించండి. పాత సిస్టమ్‌కి ఇంతకు మించిన మందు లేదు. ఆన్ చేశాక హాజరు పిలవడం పూర్తయినా తెర మీద చుక్కలు తిరుగుతూనే ఉండే సిస్టమ్, ఇది వేశాక నిమిషంలోపే తెరుచుకుంటుంది. తర్వాత ర్యామ్ (సిస్టమ్ పని చేసేటప్పుడు వాడుకునే మెమరీ) పెంచండి. పూర్తిగా పాడైన మెషీన్ ఉంటే దాని ర్యామ్, పవర్ సప్లై, కీబోర్డ్ మిగతావాటికి వాడుకోవచ్చు. ర్యామ్‌లో డీడీఆర్3, డీడీఆర్4 అని రకాలుంటాయి, ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి పట్టవు, చూసుకోండి. ఏది తీసి ఎందులో పెట్టారో స్టాక్ రిజిస్టర్‌లో రాసి హెచ్ఎం సంతకం తీసుకోండి. ఆడిట్ రోజు టెన్షన్ ఉండదు.

తర్వాత విండోస్ బదులు వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్. 4 జీబీ ర్యామ్‌తో దానిలో తేలికైన రకం లినక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ ల్యాబ్ పనులకు బాగానే నడుస్తుంది. లైసెన్స్ ఖర్చు లేదు. కేరళ ప్రభుత్వ బళ్లు ఏళ్ల తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే నడుస్తున్నాయి. కానీ అక్కడ టీచర్లకు శిక్షణ ఇచ్చారన్నది మనం మర్చిపోకూడదు. లినక్స్ వేసి చేతులు దులుపుకుంటే నెల తిరక్కుండా ల్యాబ్‌కి తాళం పడుతుంది. ముందు ఇద్దరు టీచర్లకు నేర్పండి, తర్వాత మార్చండి.

బడి ఆఫీసు కంప్యూటర్‌ని లినక్స్‌కి మార్చే జోలికి మాత్రం పోకండి. ప్రశ్నపత్రాలు తెలుగు టైపింగ్‌కి వాడే 'అను' ఫాంట్లలో కొట్టేవాళ్లు, వేలిముద్ర పరికరాలు వాడేవాళ్లు ఇబ్బంది పడతారు. అక్కడ విండోస్ 11 నడిచే సిస్టమ్ ఒక్కటి కొనడమే సరైన ఖర్చు.

అపోహ: గ్రాంట్ పడ్డాక చూసుకుందాం.

వాస్తవం: డబ్బు విడతలుగా వస్తుంది, చాలాసార్లు ఆలస్యంగా. మార్చి 31 లోపు ఖర్చు చేయనిది చేజారుతుంది. ఆ హడావుడిలో షాపువాడు ఏది అంటగడితే అదే కొంటాం. జూలైలోనే జాబితా రాసుకోండి. ఏది లేకపోతే ల్యాబ్ ఆగిపోతుందో అది పైన, ఉంటే బాగుంటుందనిపించేది కింద. యాజమాన్య కమిటీ తీర్మానం కూడా ముందే చేయించి పెట్టుకోండి. కొటేషన్లు మాత్రం డబ్బు పడ్డాకే తెప్పించండి, ధరలు మారిపోతాయి.

అపోహ: నెట్ లేకపోతే ల్యాబ్ దండగ.

వాస్తవం: కివిక్స్ అనే ఆఫ్‌లైన్ రీడర్‌తో వికీపీడియా, సైన్స్ ప్రయోగాలు తెర మీద చేసి చూపే ఫెట్ సిమ్యులేషన్లు, గణితానికి జియోజీబ్రా అన్నీ ఆఫ్‌లైన్‌లో నడుస్తాయి. ఒక్కసారి ఫోన్ డేటాతోనో ఇంటి దగ్గరో డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెస్తే చాలు.

అపోహ: వేసవి సెలవుల్లో మెయిన్ ఆపేసి తాళం వేస్తే అన్నీ భద్రం.

వాస్తవం: పిడుగుల భయానికి మెయిన్ ఆపడం మంచిదే. కానీ యూపీఎస్‌లు, ఇన్వర్టర్ ఆన్‌లోనే వదిలి మెయిన్ ఒక్కటే ఆపితే, బ్యాటరీలు పూర్తిగా ఖాళీ అయి ఆ ఎండల్లో వారాల తరబడి అలాగే పడి ఉంటాయి. లోపల ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. జూన్ 12న బడి తెరిచేసరికి ఛార్జ్ నిలవదు. ఏడాది గ్రాంట్‌లో పెద్ద ముక్క కొత్త బ్యాటరీలకే పోతుంది. ఏప్రిల్ ఆఖరి పని దినాన పూర్తిగా ఛార్జ్ చేయండి. నీళ్లు పోసే ట్యూబులర్ బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ గుర్తు దాకా పోయండి. మామూలు నీళ్లు వద్దు. యూపీఎస్‌లను, ఇన్వర్టర్‌ను వాటి బటన్‌తోనే ఆపండి. మే నడుమ దగ్గర్లో ఉండే టీచరో, వాచ్‌మనో మబ్బు లేని రోజు చూసి వచ్చి, ఒక పూట మెయిన్ వేసి ఛార్జింగ్ పెట్టి, వెళ్లేటప్పుడు ఆపేస్తే సరిపోతుంది.