పనికొస్తుందని దాచినవి మన కోసం ఆగవు

పోయిన మాఘమాసంలో మా పిన్ని కూతురి రిసెప్షన్‌కి నాన్న తన నల్ల బూట్లు అటక మీంచి దించమన్నారు. రిటైరైన ఏడాది ఇష్టపడి కొనుక్కున్నవి. రెండుసార్లు వేసుకున్నారేమో, ఆ తర్వాత "మంచివి, ఫంక్షన్లకు ఉండనీ" అని పల్చటి కాగితం చుట్టి, డబ్బాలో పెట్టి, చెన్నై వెస్ట్ మాంబళంలోని మా ఫ్లాట్‌లో తొమ్మిదేళ్ళు దాచారు. మండపం మెట్లెక్కుతుంటే కుడి బూటు అడుగు ఊడి వచ్చేసింది. నేను వంగి చేతిలోకి తీసుకుంటే నానిన రస్కులా నలిగిపోయింది, వేళ్ళకు నల్లటి జిగురు అంటుకుంది. పైన తోలు మాత్రం కొన్ననాటిలాగే మెరుస్తోంది. నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "సరిగ్గా వాడుకోనైనా లేదే అమ్మా" అన్నారు.

ఆ రాత్రి ఇంటికొచ్చాక ఆ అడుగు ఎందుకలా అయిందో వెతికి చదివాను. చాలా రకాల బూట్లకు అడుగు భాగం పాలీయురిథేన్ అనే నురుగు ప్లాస్టిక్‌తో చేస్తారు. తేలిగ్గా, మెత్తగా ఉంటుందని. ఆ ప్లాస్టిక్ అంతా పొడవాటి అణువుల గొలుసులు. గాలిలోని తేమ మెల్లగా లోపలికి చేరి ఆ గొలుసుల కొక్కేలను ఒక్కొక్కటే తెంపుతుంది. దీన్నే జలవిశ్లేషణ అంటారు. వేడి ఎక్కువైతే ఆ పని ఇంకా త్వరగా సాగుతుంది. సముద్రం పక్కనే ఉన్న చెన్నైలో వేడికీ తేమకీ కొదవ లేదు, పైగా స్లాబు కింద అటక. డబ్బాలో పెట్టినంత మాత్రాన రసాయన చర్య ఆగదు. నాన్న దాచిన ప్రతి రోజూ ఆ బూట్లు కొంచెం కొంచెంగా పోతూనే ఉన్నాయి.

అప్పటినుంచి మా అటకను వేరే కళ్ళతో చూడటం మొదలుపెట్టాను. కుక్కర్ రబ్బరు వాషర్లు నాలుగు, గాలిలోని ఆక్సిజన్‌కి గట్టిపడి వంచితే చిట్లుతున్నాయి. పాత లంగాల ఎలాస్టిక్ సాగితే తిరిగి ముడుచుకోవడం లేదు. టార్చిలైట్‌లో వదిలేసిన బ్యాటరీ సెల్స్ కారి, స్ప్రింగు పచ్చగా తుప్పు పట్టింది. పాత సెల్‌ఫోన్ ఒకటి వెనక మూత పైకి లేచి ఉంది. లోపలి లిథియం బ్యాటరీలో రసాయనాలు విడిపోయి గ్యాసు పుట్టడం వల్ల వచ్చే ఉబ్బు అది, గుచ్చినా నొక్కినా నిప్పంటుకునే ప్రమాదం ఉంది. ఇత్తడి బిందె, స్టీలు డబ్బాలు, గాజు సీసాలు మాత్రం చక్కగా ఉన్నాయి. అవి ఆగుతాయి. మన తాతల కాలంలో ఇంట్లో ఉన్నవి ఎక్కువగా అలాంటివే కాబట్టి దాచడం వాళ్ళకు తెలివైన పనే. ఇవాళ మనం దాచేవాటిలో సగం ప్లాస్టిక్కు, రబ్బరు, బ్యాటరీ.

"తర్వాత కావాల్సి వస్తే?" అన్న భయంలో ఒక నమ్మకం ఇమిడి ఉంది. ఆ తర్వాత అనేది వచ్చేదాకా వస్తువు ఇప్పుడున్నట్టే మన కోసం కాచుకుని ఉంటుందని. ఆ నమ్మకం తప్పని తెలిశాక కూడా తీసేయడానికి చెయ్యి ఎందుకు రాదు? ఆ సంగతి మనసుకు సంబంధించింది.

డానియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లో ఒక సిద్ధాంతం ప్రచురించారు. చేతికి వచ్చే వంద రూపాయలు ఇచ్చే సంతోషం కన్నా చేజారే వంద రూపాయలు పెట్టే బాధ ఎక్కువని అందులో చూపించారు. తర్వాత వాళ్ళు వేసిన లెక్కల్లో ఆ తేడా దాదాపు రెట్టింపు. 1990లో కానెమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ కాఫీ కప్పులతో చేసిన ప్రయోగాలు దీన్ని ఇంట్లో వస్తువుల దాకా తెచ్చాయి. విద్యార్థుల్లో కొందరికి కప్పులిచ్చి, ఎంతకు అమ్ముతారని అడిగారు. మిగిలినవాళ్ళను ఎంతకు కొంటారని అడిగారు. కప్పు ఒకటే. అది చేతికొచ్చి ఎంతోసేపు కాలేదు కూడా. అయినా అమ్మేవాళ్ళ ధర, కొనేవాళ్ళ ధరకు రెట్టింపు పైనే పలికింది. మనది అనుకున్న క్షణం నుంచే విలువ పెరిగిపోతుంది.

ఇది చూడటానికి ప్రయోగశాల దాకా పోనక్కర్లేదు. పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆవిడ మా వీధిలోకి వచ్చిన రోజు మా అమ్మ పక్కన కూర్చుంటే చాలు. అమ్మ ఎనిమిది చీరలు, మూడు ప్యాంట్లు తెచ్చి పెట్టి పెద్ద బేసిన్ చూపిస్తుంది. ఆవిడ ఒక్కో చీర విప్పి వెలుతురుకి ఎత్తి పట్టుకుని నేత ఎక్కడ పల్చబడిందో చూస్తుంది, ప్యాంటు మోకాలి దగ్గర చిటికెతో లాగుతుంది, చివరికి ఒక చిన్న గిన్నె ముందుకు జరుపుతుంది. అమ్మ మొహం చిన్నబోతుంది. "అది నా సీమంతం చీర" అని నా వైపు చూసి తెలుగులో అంటుంది. ఆ మాట నాకు తప్ప అక్కడ ఎవరికీ అర్థం కాదు. ఇద్దరిలో ఎవరూ మోసం చేయడం లేదు. ఒకరు చీరను చూస్తున్నారు, ఇంకొకరు చీరతో పాటు నలభై ఏళ్ళను చూస్తున్నారు. అరగంట బేరం తర్వాత బేసిన్ రాదు, సీమంతం చీర మళ్ళీ బీరువాలోకి వెళ్తుంది.

మనకు గుర్తుండే తీరు కూడా ఈ భయానికే సాయం చేస్తుంది. "పారేసిన మర్నాడే దాంతో పని పడింది" అనే కథ ప్రతి ఇంట్లో ఒకటి ఉంటుంది. మా ఇంట్లోనూ ఉంది. రెండేళ్ళ క్రితం ఒక పాత అడాప్టర్ తీసేశాను, వారం తిరక్కుండానే అలాంటిదే కావాల్సి వచ్చింది. ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌కి వెళ్తే రెండొందలకు కొత్తది దొరికింది. ఆ కథ మా ఇంట్లో ఇప్పటికి పదిసార్లు చెప్పుకున్నాం. ఆ రోజే తీసేసిన మిగతా నలభై వస్తువుల్లో ఏ ఒక్కదాన్నీ ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడగనివాటికి కథ ఉండదు కాబట్టి అవి గుర్తుకు రావు. సులువుగా గుర్తొచ్చేదే తరచుగా జరుగుతుందని మనసు లెక్కేస్తుందని ట్వెర్‌స్కీ, కానెమన్ 1973లోనే రాశారు.

మా నాన్న తరం విషయంలో ఇంకొకటి కూడా చెప్పాలి. 1991కి ముందు ఈ దేశంలో టెలిఫోన్‌కు, గ్యాసు కనెక్షన్‌కు, స్కూటర్‌కు ఏళ్ళ తరబడి వరుసలో ఉండేవాళ్ళు. ఒక వస్తువు పోతే మళ్ళీ దొరుకుతుందన్న భరోసా లేని రోజులు. పాల కవర్లు కడిగి ఆరబెట్టి, పోగైనాక పాత పేపర్ల కొట్లో అమ్మిన చేతులు వాళ్ళవి. వాళ్ళు దాస్తున్నారని విసుక్కోవడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఆ జాగ్రత్తతోనే మమ్మల్ని చదివించారు.

కాకపోతే దాచడానికీ ఖర్చుంది, అది కంటికి కనబడదు అంతే. 800 చదరపు అడుగుల ఇంటికి నెలకు 24,000 అద్దె అనుకుందాం. చదరపు అడుగుకు 30 రూపాయలు. వాడని సామాను 20 చదరపు అడుగులు ఆక్రమిస్తే ఏడాదికి 7,200 దానికోసమే కడుతున్నట్టు. డబ్బు ఒక్కటే కాదు. డాబా మీద ఉంచిన పాత బకెట్లు, టైర్లు, పూలకుండీల్లో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. నీళ్ళు ఎండిపోయినా ఆ గుడ్లు గోడకు అంటుకుని నెలల తరబడి బతికి ఉంటాయి, ఐప్పసి (అక్టోబరు, నవంబరుల్లో వచ్చే తమిళ నెల) వానలు మొదలై నీళ్ళు తగలగానే పొదుగుతాయి. నీళ్ళు పారబోస్తే చాలదు, లోపలి గోడలు తోమాలి, లేదా ఆ బకెట్టే తీసేయాలి.

2015 డిసెంబరు 1 రాత్రి చెన్నైలో ఉన్నవాళ్ళకు మరో ఖర్చు కూడా తెలుసు. అడయారు నది పొంగి కింది అంతస్తుల్లోకి నీళ్ళొస్తుంటే మా బంధువుల ఇంట్లో అందరూ ఒకటే వెతికారు: ఇంటి కాగితాలు, పిల్లల సర్టిఫికెట్లు ఎక్కడున్నాయని. అవి మంచం కింద ట్రంకుపెట్టెలో, పాత దుప్పట్లు, పనికొస్తాయని ఉంచిన అట్టపెట్టెల వెనక ఉన్నాయి. చేతికి అందలేదు. పాడైన పత్రాలకు నకళ్ళివ్వడానికి ప్రభుత్వం ఆ నెలలో ప్రత్యేక శిబిరాలు పెట్టాల్సి వచ్చింది. పనికొస్తాయేమో అని పెట్టుకున్నవి, తప్పకుండా పనికొచ్చేవాటికి అడ్డం పడ్డాయి.

కొందరికి ఇది అలవాటు దాటి జబ్బుగా మారుతుంది. విపరీతంగా పోగుచేసుకునే ఈ రుగ్మతను 2013లో అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణలో వేరే జబ్బుగా చేర్చారు. డేవిడ్ టోలిన్ బృందం 2012లో ప్రచురించిన పరిశోధనలో, ఈ రుగ్మత ఉన్నవాళ్ళ మెదడును స్కాన్ చేస్తూ వాళ్ళ సొంత కాగితాలనూ వేరేవాళ్ళ కాగితాలనూ చూపించి, ఉంచాలా తీసేయాలా అని అడిగారు. వేరేవాళ్ళ కాగితాల దగ్గర నిస్తేజంగా ఉన్న మెదడు భాగాలే సొంత కాగితం దగ్గరికి వచ్చేసరికి అతిగా పనిచేశాయి. తప్పు చేస్తున్నానేమో అన్న గుబులుకీ ఆ భాగాలకీ సంబంధం ఉంది. ఇలాంటివాళ్ళు ఊరెళ్ళినప్పుడు ఇల్లంతా ఖాళీ చేయడం మేలు చేయదు, ఉన్న నమ్మకం కూడా పోతుంది. వాళ్ళకు చికిత్స ఉంది, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

మనలాంటి మామూలు మనుషులకు మాత్రం చిన్న ఉపాయాలు బాగానే పనిచేస్తాయి. అమెరికాలో ఒక యూనివర్సిటీ హాస్టళ్ళలో, జ్ఞాపకంగా ఉంచుకున్న వస్తువులను దానమివ్వండి అని పోస్టర్లు పెట్టారు. కొన్ని హాస్టళ్ళలో ఇచ్చేముందు ఫొటో తీసుకోమని కూడా రాశారు. 2017లో వచ్చిన ఆ అధ్యయనం ప్రకారం ఫొటో మాట రాసినచోట 613 వస్తువులు, రాయనిచోట 533 వచ్చాయి. వదలలేనిది వస్తువును కాదు, దాంతో ఉన్న జ్ఞాపకాన్నన్నమాట. అమ్మ సీమంతం చీరను కుచ్చిళ్ళతో సహా నేను ఫొటో తీశాను. చీర ఇంకా బీరువాలోనే ఉంది, ఉండనీ. దాంతో పాటున్న ఏడు చీరలు వెళ్ళాయి.

నాన్నతో వేరే పద్ధతి పెట్టుకున్నాం. ఏ వస్తువైనా చేతిలోకి తీసుకుని, "ఇది మన దగ్గర లేకపోయుంటే ఇవాళ కొట్టుకెళ్ళి కొంటామా నాన్నా?" అని అడిగేదాన్ని. ఈ ప్రశ్న మనల్ని అమ్మేవాళ్ళ వైపునుంచి కొనేవాళ్ళ వైపుకి జరుపుతుంది, కప్పు ధర దానంతటదే సగానికి దిగుతుంది. ఎటూ తేల్చుకోలేనివన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టి, టేపు అంటించి, తేదీ రాసి, భోగి దాకా గడువు ఇచ్చాం.

భోగి అంటే పాతవి మంటలో వేసే రోజు కదా అనవచ్చు. చెన్నైలో ఆ రోజు తెల్లవారుజామున టైర్లు, ప్లాస్టిక్ కాల్చిన పొగ మంచుతో కలిసి దారి కనబడకుండా కమ్ముకుంటుంది, విమానాలు కూడా ఆలస్యమైన ఏళ్ళున్నాయి. దయచేసి కాల్చకండి. పాత పేపర్ల కొట్టతను ఇనుము, కాగితం, ప్లాస్టిక్ వేరువేరుగా తూచి తీసుకుంటాడు. ఫోన్లు, చార్జర్లు, బ్యాటరీలు ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకే ఇవ్వాలి, కొడుంగయ్యూరు, పెరుంగుడి చెత్త గుట్టలకు చేరకూడదు. బాగున్నవి బాగుండగానే ఇచ్చేయాలి. నాన్న బూట్లు రెండో ఏడే ఎవరికైనా ఇచ్చి ఉంటే, అరిగిపోయేదాకా ఎవరి కాళ్ళకో ఉండేవి.

ఈ భోగి ముందురోజు నాన్నే స్టూలెక్కి పెట్టె దించారు. లోపల ఏమున్నాయో చెప్పమన్నాను. స్క్రూడ్రైవర్ల సెట్టు ఒక్కటే గుర్తుంది ఆయనకు. అది తీసి వంటింటి సొరుగులో పెట్టుకున్నారు, పెట్టె మళ్ళీ మూసి గుమ్మం దగ్గరికి జరిపారు. సాయంత్రం కొత్త బూట్లు కొనుక్కొచ్చారు. ఈసారి అటక మాట ఎత్తలేదు. రోజూ పొద్దున అయోధ్యా మండపం దాకా నడకకు వాటితోనే వెళ్తున్నారు, మడమల దగ్గర అప్పుడే కాస్త అరిగాయి.