ప్రోస్టేట్‌లో రాళ్లు: సిట్రేటు పట్టు సడలినప్పుడు

పొట్ట స్కానింగ్ రిపోర్టులో ‘ప్రోస్టేట్‌లో కాల్సిఫికేషన్’ అని రాసి ఉండటం చూసి, తాంబూలంలో సున్నం మానాలా, పాలు తగ్గించాలా అని ఒక పాఠకుడు అడిగారు. ప్రోస్టేట్ అంటే మగవారిలో మూత్రాశయం కింద ఉండి, వీర్యంలో కలిసే స్రావాన్ని తయారుచేసే గ్రంథి; కాల్సిఫికేషన్ అంటే అందులో కాల్షియం పేరుకుని ఏర్పడే రేణువులు, అంటే రాళ్లు. ఈ రేణువులు తిండిలోని సున్నం వల్ల పుట్టవు. తాంబూలం మానడానికి వక్క నోటి క్యాన్సర్ తెస్తుందన్న కారణమే చాలు. నడివయసు దాటిన మగవారిలో ఈ రేణువులు సర్వసాధారణం, చాలామందికి వాటివల్ల ఏ బాధా ఉండదు.

నిజానికి ఆశ్చర్యం కలిగించేది రాళ్లు పుట్టడం కాదు, అంత కాల్షియం ఉన్న ప్రోస్టేట్ స్రావం ఏళ్ల తరబడి గడ్డకట్టకుండా ఉండటం. బోరునీళ్ల హీటరు కడ్డీకి పట్టిన తెల్లని పొర నిమ్మరసంలో కరుగుతుంది కదా. అందులో పులుపు ఒక పని చేస్తే, కాల్షియాన్ని పట్టుకుని పేరుకోనివ్వకపోవడం నిమ్మరసంలోని సిట్రేటు (సిట్రిక్ ఆమ్లపు లవణరూపం) చేసే రెండో పని. ప్రోస్టేట్‌లో ముఖ్యమైనది ఈ రెండో పనే. ఆ స్రావంలో సిట్రేటు రక్తంలో కన్నా కొన్ని వందల రెట్లు ఎక్కువ. తక్కిన కణాలు మైటోకాండ్రియాలో (కణంలో శక్తి తయారయ్యే భాగాల్లో) సిట్రేటును విరగ్గొట్టి శక్తి పొందుతాయి. ప్రోస్టేట్ కణాలు మాత్రం జింకును కూడబెట్టుకుంటాయి, ఆ జింకు అకోనిటేజ్ అనే ఎంజైమును అడ్డుకోవడంతో సిట్రేటు ఖర్చుకాక మిగిలి స్రావంలోకి చేరుతుంది. గ్రంథి వాచినప్పుడు జింకూ సిట్రేటూ రెండూ పడిపోతాయి, స్రావం క్షారగుణం వైపు మళ్లుతుంది, కాల్షియం ఫాస్ఫేటు పేరుకోవడానికి అనువు ఏర్పడుతుంది. అది దేనిమీద పేరుకుంటుందో 2009లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు: క్యాన్సర్ వల్ల తొలగించిన ప్రోస్టేట్లలోని రాళ్లలో లాక్టోఫెర్రిన్, కాల్‌ప్రొటెక్టిన్ వంటి, తెల్ల రక్తకణాలు విడిచే ప్రోటీన్లు దొరికాయి. మూత్రం ప్రోస్టేట్ నాళాల్లోకి వెనక్కి మళ్లడం మరొక కారణం.

అలాగని నిమ్మరసం తాగితే ఈ రాళ్లు కరగవు, ఎందుకంటే ఈ సిట్రేటును గ్రంథి తానే తయారు చేసుకుంటుంది. కొండపిండి ఆకు కషాయం, అరటిదవ్వ రసం తాగే అలవాటు కిడ్నీ రాళ్లకు సంబంధించినది; ప్రోస్టేట్ రాళ్లు చాలావరకు మూత్రం పారే దారిలో ఉండవు కనుక కొట్టుకుపోవు.

కాల్సిఫికేషన్ కనిపించినంత మాత్రాన క్యాన్సర్ ఉన్నట్టు కాదు, పీఎస్ఏ (రక్తపరీక్షలో చూసే ప్రోస్టేట్ ప్రోటీన్) పెరిగితే దాన్ని విడిగా పరీక్షించాలి. జాగ్రత్త పడవలసింది మూత్రంలో రక్తం, మంట, జ్వరం వస్తే, ముఖ్యంగా మందు ఆపగానే అదే బాక్టీరియాతో ఇన్ఫెక్షన్ తిరగబెడుతుంటే. రాతి సందుల్లో జిగురు పొర కట్టుకుని దాగిన బాక్టీరియాను యాంటీబయాటిక్ పూర్తిగా చేరలేదు. అప్పుడు యూరాలజిస్టు కల్చర్ (ఏ బాక్టీరియానో పెంచి చూసే పరీక్ష) చేయించి వారాల తరబడి మందు ఇస్తారు, అరుదుగా రాళ్లున్న భాగాన్ని శస్త్రచికిత్సతో తీసివేస్తారు.