పాత జీపుకు కొత్త ఇంజన్: పెట్రోలు లైను మీద అపోహలు - వాస్తవాలు

కిందటి ఎండాకాలం హిందూపురం నుంచి ఒకాయన తన 1998 జిప్సీని లారీలో ఎక్కించుకుని బెంగళూరులో మా షెడ్డుకు తెచ్చారు. కార్బ్యురేటర్ ఇంజన్ తీయించి, దాని బదులు పాత బలెనో 1.6 ఎంపీఎఫ్ఐ (ప్రతి సిలిండరుకూ విడిగా ఇంజెక్టరుతో పెట్రోలు చిమ్మే) ఇంజన్‌ను వేరే షెడ్డులో వేయించుకున్నారు. "అన్నా, మట్టసంగా ఉండే రోడ్డులో ఎంతసేపు తోలినా ఏం కాదు. గుట్ట ఎక్కితే చాలు, గుక్క పట్టినట్టు ఆగిపోతుంది" అన్నారు. అప్పటికే రెండు ఈసీయూలు (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్లు), ఒక పంపు మార్చారట. తప్పు వాటిలో లేదు, ట్యాంకులో ఉంది.

ఇంజన్ మార్పించుకోవాలని వచ్చేవాళ్లు గేర్‌బాక్సు గురించి, మౌంటింగుల గురించి గంటలు మాట్లాడతారు. పెట్రోలు లైను మాట ఎత్తితే మాత్రం "పైపే కదా" అంటారు. వేరేచోట పని చేయించి మా దగ్గరికి తిరిగొచ్చే బండ్లలో చాలావాటి జబ్బు ఆ పైపులోనో, దాని రెండు కొసల్లోనో ఉంటుంది.

అపోహ: ఎలక్ట్రిక్ పంపు ఒకటి బిగిస్తే ఎంపీఎఫ్ఐకి సరిపోతుంది.

ప్రెషర్ వరకైతే నిజమే. కార్బ్యురేటర్ బండి మెకానికల్ పంపు ఇచ్చేది 3 నుంచి 5 పీఎస్ఐ. ఎంపీఎఫ్ఐకి కావలసింది దాదాపు 3 బార్, అంటే 43 పీఎస్ఐ. పదింతలు. కానీ అసలు తేడా ప్రెషర్‌ది కాదు. కార్బ్యురేటర్ లోపల ఫ్లోట్ గిన్నె ఉంటుంది. అది ఇంజన్ పక్కనే ఉన్న చిన్న కుంట లాంటిది. బండి గుట్ట ఎక్కేటప్పుడు ట్యాంకులో పెట్రోలు వెనక్కి జారి, పంపు రెండు మూడు సెకన్లు గాలి పీల్చినా ఆ కుంటలోని పెట్రోలుతో ఇంజన్ బతుకుతుంది. ఎంపీఎఫ్ఐకి ఆ కుంట లేదు. గాలి బుడగ రైలులోకి, అంటే ఇంజెక్టర్లన్నిటికీ పెట్రోలు అందించే గొట్టంలోకి, వచ్చిన మరుక్షణం ప్రెషర్ పడిపోతుంది, ఇంజన్ ఆగుతుంది. ఎంపీఎఫ్ఐ బండ్ల ట్యాంకులో పంపు చుట్టూ చిన్న బుట్టలాంటిది పెట్టి పెట్రోలు అక్కడే నిలిచేలా చేస్తారు. పాత ట్యాంకుల్లో అది ఉండదు.

ఆ జిప్సీకి మేం సర్జ్ ట్యాంకు కట్టాం. లీటరున్నర పట్టే అల్యూమినియం డబ్బా, నిలువుగా. పాత ట్యాంకు నుంచి తక్కువ ప్రెషర్ పంపు ఒకటి దాన్ని ఎప్పుడూ నింపుతూ ఉంటుంది, ఎక్కువైంది పైనుంచి మళ్లీ ట్యాంకులోకి పోతుంది. హై ప్రెషర్ పంపు ఆ డబ్బా అడుగు నుంచి తీసుకుంటుంది. రైలులో ప్రెషర్‌ను అదుపులో ఉంచే రెగ్యులేటర్ నుంచి వెనక్కి వచ్చే పెట్రోలు (రిటర్న్) కూడా డబ్బాలోకే. ఈ పంపులు బాగా నెడతాయి గానీ పీల్చడంలో బలహీనం. అందుకే వీలైనంత కిందగా, ట్యాంకుకు దగ్గరగా, సైలెన్సర్ పైపుకు దూరంగా పెట్టాలి. పంపుకు ముందు జల్లెడలాంటి ముతక ఫిల్టర్, తరవాత సన్న ఫిల్టర్. ముందే సన్నది పెడితే పంపుకు ఊపిరాడదు.

అపోహ: పంపు పెద్దదైతే పికప్ పెరుగుతుంది.

లెక్క వేద్దాం. 95 హార్స్‌పవర్ పెట్రోలు ఇంజన్ ఫుల్ లోడులో గంటకు తాగేది సుమారు 30 లీటర్లు. మామూలు కారు పంపే దీనికి రెండింతలకు పైగా ఇస్తుంది. ఇంకా పెద్దది పెడితే మిగిలిందంతా రిటర్న్ లైనులో వెనక్కి పోవాలి. పాత బండ్లలో రిటర్న్ పైపు సన్నగా ఉంటుంది, కొన్నింటిలో అసలు ఉండదు. సన్న పైపులో అంత పెట్రోలు పట్టక రైలులో ప్రెషర్ పెరుగుతుంది, రెగ్యులేటర్ చేతులెత్తేస్తుంది, మిక్చర్ రిచ్ అయి, అంటే గాలికి మించి పెట్రోలు పడి, నల్ల పొగ వస్తుంది. పైగా వెనక్కి వచ్చే పెట్రోలు ఇంజన్ వేడిని మోసుకొచ్చి ట్యాంకంతా కాగబెడుతుంది. పంపు మీద పెట్టే డబ్బులో సగం రిటర్న్ లైను మీద పెట్టండి.

అపోహ: రబ్బరు పైపు ఏదైనా ఒకటే.

బెంగళూరు జేసీ రోడ్డులో మీటరు లెక్కన కొనే పైపు మీద రాత చదవండి. ఎస్‌ఏఈ జె30 ఆర్7 అని ఉంటే అది కార్బ్యురేటర్‌కు, 50 పీఎస్ఐ దాకా. ఇంజెక్షన్‌కు కావలసింది ఆర్9, అది 100 పీఎస్ఐ తట్టుకుంటుంది. ట్యాంకు లోపల పెట్రోలులో మునిగి ఉండే ముక్కకు ఆర్9 కూడా పనికిరాదు, దాని పై పొర మునగడానికి చేసింది కాదు. అక్కడ ఆర్10 వాడాలి.

2023 ఫిబ్రవరి 6న మన బెంగళూరులోనే ఈ20 పెట్రోలును ప్రారంభించారు. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఎక్కువగా అదే. 20 శాతం ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బిస్తుంది, నీటిని పీల్చుకుంటుంది, ఏళ్ల తరబడి ట్యాంకు గోడలకు పట్టిన మడ్డిని కరిగించి ఫిల్టర్లోకి తెస్తుంది. ఇరవై ఏళ్ల ట్యాంకు మీద కొత్త ఇంజన్ పెట్టేవాళ్లు మొదటి నెలలో ఫిల్టర్ రెండుసార్లు మార్చుకోండి.

అపోహ: పంపు వైరు ఇగ్నిషన్ కీకి కలిపితే చాలు.

ఈ పని చూసినప్పుడల్లా నాకు భయమేస్తుంది. కొండదారిలో బండి పల్టీ కొట్టింది, ఇంజన్ ఆగింది, పైపు తెగింది, కీ మాత్రం ఆన్‌లో ఉంది. పంపు పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది, వేడి సైలెన్సర్ మీద, లోపల మనుషులుండగా. పంపు రిలే ఈసీయూ అదుపులో ఉండాలి. ఇంజన్ తిరగకపోతే రెండు మూడు సెకన్లలో అదే ఆపేస్తుంది. దానికి తోడు గుద్దితే కరెంటు కట్ చేసే ఇనర్షియా స్విచ్ పెట్టండి, పాత కార్లవి శివాజీనగర్ గుజరీలో దొరుకుతాయి. వైరు కూడా లావుది వేయాలి. సన్న పాత వైరు మీద పంపు దగ్గర 11 వోల్టులు కూడా రాని బండ్లు చూశాను. అలాంటప్పుడు పంపు మంచిదే అయినా బండి లాగదు.

అపోహ: ట్యాంకు ఖాళీ చేస్తే వెల్డింగ్ పెట్టొచ్చు.

పెట్టకండి. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ప్రమాదం, పేలేది ఆవిరి. పెట్రోలు మైనస్ 40 డిగ్రీల దగ్గర కూడా మండే ఆవిరి వదులుతుంది. కడిగి ఆరబెట్టామనుకున్నా మడతల్లో మిగిలి ఉంటుంది. బుట్ట కట్టించాలంటే ట్యాంకుల పని మాత్రమే చేసేవాళ్ల దగ్గరికి పంపండి, లేదా కొత్త ట్యాంకు చేయించుకోండి.

డీజిల్ జీపుల వాళ్లకు ఒక్క మాట. పాత డీఐ ఇంజన్‌లో ఎయిర్ తీయాలంటే ఇంజెక్టర్ నట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టేవాళ్లం. అదే అలవాటు కామన్ రైలు ఇంజన్ మీద చూపించొద్దు. ఆ రైలులో వెయ్యి బార్ దాటే ప్రెషర్ ఉంటుంది. ఆ ధార చర్మాన్ని చీల్చి లోపలికి పోతుంది. లీకు ఎక్కడుందో చూడటానికి వేలు అడ్డం పెట్టడం కూడా అంతే ప్రమాదం.

కాగితాల సంగతి: 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇంజన్ కొనకముందే ఆర్‌టీఓ ఆఫీసులో కనుక్కోండి.

పని పూర్తయ్యాక రైలుకు ప్రెషర్ గేజ్ పెట్టించి చూడండి. రెగ్యులేటర్ వాక్యూమ్ పైపు పీకితే 3 బార్ చూపించాలి, పెడితే ఐడిల్‌లో అర బార్ తగ్గాలి. పీకిన పైపులో పెట్రోలు వాసన వస్తే రెగ్యులేటర్ పోయినట్టే. తరవాత పావు ట్యాంకు పెట్రోలుతో, గేజ్ అలాగే ఉంచి, ర్యాంపు మీద ముక్కు పైకి పెట్టి పది నిమిషాలు నడపండి. ఆపైన ముక్కు కిందికి, ఆ తరవాత రెండు పక్కలకీ వాల్చి. ముల్లు వణికిందంటే పంపు ఎక్కడో గాలి తాగుతోంది. అప్పుడు బండిని కొండకు తీసుకెళ్లకుండా ట్యాంకు మళ్లీ దించాలి.