ఏసెస్ పారేసినవాడు పిరికివాడా? టోర్నమెంట్ పోకర్: అపోహలు - వాస్తవాలు

మొన్న ఆదివారం రాత్రి పన్నెండున్నరకి గోవా నుంచి ఫోన్. "అన్నా, క్వీన్స్ పడ్డాయి, కాల్ చేశాను, బబుల్‌లో పోయాను. ఇందులో నా తప్పేముంది చెప్పు?"

అంటే చేతిలో రెండు క్వీన్స్ ఉన్నాయి (ఏసెస్, కింగ్స్ అన్నా ఇలాగే జత), ఎదుటివాడి పందేనికి సరిపడా పెట్టి కాల్ చేశాడు, డబ్బు అందే స్థానాలకి ఒక్క అడుగు ముందు, అంటే బబుల్‌లో, ఓడి బయటికొచ్చాడు. పోకర్ నేర్పే పనిలో ఉన్నందుకు ఈ ప్రశ్న నాకు నెలకి పదిసార్లయినా వస్తుంది. ముక్కలు మారతాయి, ఫోన్ చేసినవాళ్లు మారతారు, గొంతులో ఆ బాధ మాత్రం ఒకటే. చెత్త ముక్కలతో పోయినవాడు నన్ను అడగడు, తప్పు వాడికే తెలుసు. మంచి ముక్కలతో పోయినవాడికే నిద్ర పట్టదు. అందుకని ముందు ఈ ఒక్క అపోహ సంగతి చూద్దాం.

అపోహ: బలమైన ముక్కలు పడితే పారెయ్యకూడదు

క్యాష్ గేమ్‌లో ఇది చాలావరకు నిజమే. అక్కడ వెయ్యి రూపాయల చిప్ అంటే వెయ్యి రూపాయలే. టోర్నమెంట్‌లో చిప్స్ తీసుకెళ్లి కౌంటర్‌లో ఇస్తే ఎవరూ డబ్బులివ్వరు. అక్కడ డబ్బు వచ్చేది స్థానాన్ని బట్టి. తేడా అంతా ఇక్కడే ఉంది, మనవాళ్లు తొక్కుకుంటూ దాటిపోయేదీ ఇక్కడే.

ఆ అబ్బాయి లెక్కే తీసుకుందాం. నలుగురు మిగిలారు, ముగ్గురికే డబ్బు. నలుగురి స్టాక్స్, అంటే దగ్గరున్న చిప్స్, ఇంచుమించు సమానం. లెక్క సులువుగా ఉండటానికి ప్రైజ్ మొత్తం లక్ష అనుకోండి: మొదటి స్థానానికి 50 వేలు, రెండోదానికి 30, మూడోదానికి 20. అందరూ సమానం కాబట్టి ఒక్కొక్కరి వాటా విలువ 25 వేలు. ఇప్పుడు ఎదుటివాడు ఆల్ ఇన్ అన్నాడు, అంటే ఉన్న చిప్స్ అన్నీ నెట్టాడు. నువ్వు కాల్ చేసి గెలిచావు, స్టాక్ రెట్టింపయింది. నీ విలువ 50 వేలు అయిందా? కాలేదు. ఐసీఎం లెక్కలో, అంటే చిప్స్‌ని ప్రైజ్ డబ్బులోకి మార్చే లెక్కలో, అది 38,333. అంటే గెలిస్తే వచ్చేది 13 వేల చిల్లర, ఓడితే పోయేది 25 వేలు. ఈ బేరం గిట్టాలంటే నూటికి 65 సార్లు గెలవాలి. క్యాష్ గేమ్‌లో ఇదే కాల్‌కి 50 చాలు.

65 అంటే ఎంతో చెప్తాను. ఎదుటివాడు ముక్కలు చూడకుండానే ఆల్ ఇన్ అన్నాడనుకోండి. అంటే ఏ రెండు ముక్కలైనా ఉండొచ్చు. వాడి మీద రంగు కలవని ఏస్-కింగ్ (ఏకే) గెలిచేది సుమారు 65 శాతమే. గుడ్డిగా నెట్టినవాడి మీదే ఏకే బొటాబొటీ అన్నమాట.

మనవాడి ఎదురుగా ఉన్నది గుడ్డిగా ఆడే మనిషి కూడా కాదు. మూడు గంటలుగా నోరూ చిప్స్ రెండూ కదపని ఒక పెద్దాయన. ఆయన నెట్టాడంటే జాక్స్, క్వీన్స్, కింగ్స్, ఏసెస్, లేకపోతే ఏకే. వాటన్నిటి మీదా క్వీన్స్ గెలిచేది సుమారు 47 శాతం. కావలసింది 65.

"మరి ఇన్ని గంటలు ఎదురుచూసింది ఈ ముక్కల కోసమే కదా అన్నా" అన్నాడు. ఆ మాటకి నాకు కోపం రాదు, జాలేస్తుంది. ముక్కలకేం తెలుసు, నువ్వు ఎంతసేపు కూర్చున్నావో.

రమ్మీ ఆడే ఇళ్లలో పెరిగినవాళ్లకి ఇది కొత్తగా చెప్పాలా అనిపిస్తుంది ఒక్కోసారి. భీమవరంలో మా పెదనాన్న 101 పూల్ ఆడేవాడు, 101 పాయింట్లు పడినవాడు బయటికి పోయే రమ్మీ. ఆయన 30 పాయింట్ల మీద ఉండి, ఎదురుగా ఇద్దరు 85, 90 మీద ఉంటే, చేతిలో సీక్వెన్సు ఉన్నా డ్రాప్ అనేవాడు. వాళ్లిద్దరూ డ్రాప్ అయ్యే వీల్లేదు, డ్రాప్‌కి పడే 20 కలిస్తే 101 దాటిపోతుంది. "వాళ్లు కొట్టుకోనీరా, మధ్యలో మనకెందుకు" అనేవాడు. ఆయనకి ఐసీఎం అంటే ఏంటో తెలియదు. లెక్క మాత్రం అదే.

ఇక శాటిలైట్ దగ్గరకొస్తే సంగతి ఇంకా ఘోరం. అక్కడ మొదటివాడికీ అయిదోవాడికీ ఒకే బహుమతి, పెద్ద టోర్నమెంట్‌లో సీటు. ఇది పుస్తకంలో చదివి నేర్చుకోలేదు నేను. కొన్నేళ్ల క్రితం అయిదు సీట్లు, ఆరుగురం మిగిలాం. స్టాక్‌లో నేను రెండోవాణ్ణి. నా ఎడమపక్క మనిషి దగ్గర ఒక బిగ్ బ్లైండ్ (వంతులవారీగా ముక్కలు చూడకముందే తప్పక పెట్టే పందెం) కూడా లేదు, తరువాతి ఆటలో బిగ్ బ్లైండ్ ఆయనదే. అందరికంటే పెద్ద స్టాక్ ఉన్నతను బటన్ (డీలర్ స్థానం) నుంచి ఆల్ ఇన్ అన్నాడు. నేను ముక్కలు ఎత్తి చూశాను. ఏసెస్.

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కాల్.

అతని దగ్గర ఒకే రంగు ఎనిమిది, ఏడు. నేను 77 శాతం ముందున్నాను. రివర్‌లో, అంటే చివరి ముక్కకి, అతనికి ఫ్లష్ (ఒకే రంగు అయిదు ముక్కలు) పడింది. ఆరోవాడిగా నేను లేచాను, ఒక బ్లైండ్ కూడా లేని మనిషికి సీటు వచ్చింది. పాపం ఆయన నా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెప్పాడు, వెటకారం ఏమీ లేదు. ఫోల్డ్ చేసి, అంటే ముక్కలు పారేసి, ఊరుకుని ఉంటే నాకు సీటు వచ్చే అవకాశం తొంభై అయిదు శాతానికి పైనే. 77కి ఆశపడి 95 పారేసుకున్నాను. దాన్ని దురదృష్టం అని నాలుగు నెలలు అందరికీ కథగా చెప్పుకు తిరిగాను కూడా.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. నా స్టాక్ మొత్తం లాగేసే బలం ఉన్నవాడు నెట్టాడు కాబట్టే అది ఫోల్డ్. అదే ఆ చిన్న స్టాక్ మనిషి నెట్టి ఉంటే ఏసెస్‌తో కళ్లు మూసుకుని కాల్ చెయ్యాలి. ఓడినా నాకు పెద్దగా పోయేదేమీ లేదు.

అన్నీ ఇంత తేటగా తేలవు. 2018లో లాస్ వేగాస్, వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్. 7,874 మందిలో పదిమంది మిగిలారు, ఇంకొకరు పోతే ఫైనల్ టేబుల్. యూచీ జూ కింగ్స్‌తో ఆల్ ఇన్, దాని మీద నికొలస్ మానియన్ ఏసెస్‌తో ఆల్ ఇన్. ఆంత్వాన్ లాబా చేతిలో మిగతా రెండు కింగ్స్. లాబా కూడా కాల్ చేశాడు. ప్యాక్‌లో ఇంకో కింగ్ లేదు, ఏసెస్ నిలబడ్డాయి. జూ పదోవాడిగా 8.5 లక్షల డాలర్లతో వెళ్లాడు. దాదాపు ఖాళీ అయిన లాబా తొమ్మిదోవాడిగా పది లక్షల డాలర్లు అందుకున్నాడు. ముందు ఇద్దరు ఆల్ ఇన్ అన్నాక అక్కడ కింగ్స్ పారెయ్యొచ్చు అని నా అభిప్రాయం. కుర్చీలో నేనుంటే పారేసేవాణ్ణా అంటే, అది వేరే ప్రశ్న.

మిగతావి గబగబా

"కింగ్స్ పడితే ఎవడో ఒకడి దగ్గర ఏసెస్ ఉంటాయి." తొమ్మిదిమంది టేబుల్ మీద ఆ అవకాశం సుమారు 4 శాతం. టోర్నమెంట్ మొదటి గంటలో కింగ్స్ ఫోల్డ్ చేసి నాకు ఫోటో పంపేవాళ్లున్నారు, మెచ్చుకుంటానని. మెచ్చుకోను.

"ఇప్పటికే సగం చిప్స్ పెట్టేశాను, ఇక వెనక్కి పోలేను." పెట్టినవి నీవి కావు, పాట్‌వి, అంటే మధ్యలో పోగైన పందేనివి. మిగిలినవాటితో చేసే కాల్ గిట్టుతుందా లేదా, అంతే చూడాలి.

"ఆన్‌లైన్‌లో ఏసెస్‌ని కావాలనే ఓడిస్తారు." కింగ్స్ మీద కూడా ఏసెస్ అయిదారుసార్లకి ఒకసారి ఓడతాయి, ఎవరూ ఓడించక్కర్లేదు. అయినా డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటం తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి నిషేధం. 2025 ఆగస్టు కేంద్ర చట్టంతో దేశమంతా ఆ దుకాణం మూతపడింది. ఫలానా యాప్‌లో ఇంకా నడుస్తోందట అని వాట్సాప్‌లో లింకులు పంపేవాళ్లకి దండం, నాకు పంపకండి.

"అప్పు చేసి ఆడితే కసిగా ఆడతాం." లేదు, భయంగా ఆడతారు. అలాంటివాళ్లకి నేను పాఠం చెప్పను, ఇంటికి పొమ్మంటాను.

ఆ అబ్బాయి మళ్లీ ఫోన్ చేశాడు, ఈసారి పగటిపూట. "అన్నా, ఒకటి చెప్పడం మర్చిపోయాను. ఆ పెద్దాయన చూపించింది ఏకే. రివర్‌లో కింగ్ పడింది. అంటే కాల్ చేసినప్పుడు ముందున్నది నేనే కదా!"

"ముందున్నావురా. 57. కావలసింది 65."

కాసేపు చప్పుడు లేదు. "పోనీ కింగ్స్ అయి ఉంటే?"

అదే పెద్దాయన, అవే ముక్కలు అనుకుంటే కింగ్స్‌కి సుమారు 63 వస్తుంది. బ్లైండ్స్ కూడా కలుపుకుంటే సరిగ్గా అంచు మీద ఉంటుంది. నేనైతే కాల్ చేస్తాను అన్నాను. "మరి జాక్స్?" అన్నాడు వెంటనే.