ఆరు గంటలకు అరగంట

భీమవరం చుట్టుపక్కల ఊళ్లలో తెల్లవారకముందే రొయ్యల ప్లాంటు వ్యాన్లు వచ్చి ఆగుతాయి. క్యారేజీలు పట్టుకుని ఆడవాళ్లు ఎక్కుతారు. ఇంటికి ఏ వేళకు వస్తారన్నది ఆ రోజు పట్టుబడిని బట్టి ఉంటుంది. సరుకు ఎక్కువ దిగితే పాడవకముందే తలలు తీసి, ఒలిచి, గడ్డకట్టించాలి. అంతసేపూ చేతులు చల్లటి నీళ్లలోనే, కాళ్లు తడి నేల మీదే.

వీళ్ల అమ్మలు నాట్లకు వెళ్లిన రోజుల్లో పనిని పూటల్లో లెక్కేసేవారు. గంటల లెక్క ఫ్యాక్టరీతో వచ్చింది, దానికి చట్టం కట్టిన హద్దులూ వచ్చాయి. 1891 చట్టం ఆడవాళ్ల పనిని రోజుకు 11 గంటలకు పరిమితం చేసింది. 1934 చట్టంలో విరామం లెక్క స్పష్టంగా ఉంది: ఏకబిగిన ఆరు గంటలు చేయిస్తే గంట, ఐదు గంటలైతే అరగంట. స్వాతంత్ర్యం వచ్చాక 1948 ఫ్యాక్టరీల చట్టం ఐదు గంటలకు అరగంట అన్న పద్ధతినే ఉంచింది. రోజుకు 9 గంటలు, వారానికి 48, విరామాలతో కలిపి మొత్తం పదిన్నర గంటలు దాటకూడదంది.

అదే చట్టం ఆడవాళ్లను రాత్రి 7 నుంచి ఉదయం 6 వరకు పనికి పెట్టొద్దంటూనే, చేపల ఫ్యాక్టరీలకు మాత్రం ముడిసరుకు చెడిపోకుండా మినహాయింపు ఇవ్వొచ్చని రాసింది. చేప చెడిపోతుందన్న భయం చట్టానికి అప్పుడే ఉంది. మనిషి అలసటకు అంత తొందర ఎప్పుడూ చూపలేదు.

2025 సెప్టెంబరులో మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ చట్టానికి ఆమోదించిన సవరణలో 9 గంటలు 10 అయ్యాయి, పదిన్నర 12 అయ్యింది, విరామానికి ముందు ఐదు గంటలు ఆరయ్యాయి. 1934 నాటి ఆరు గంటలు తిరిగొచ్చాయి గానీ, వాటికి జతగా ఉన్న గంట విరామం రాలేదు, అరగంటే మిగిలింది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

ఆ అరగంట ఎలా గడుస్తుందో చూడండి. గ్లౌజులు, ఏప్రాన్, తలకు కట్టిన టోపీ, బూట్లు విప్పాలి. చేతులు కడుక్కోవాలి. బాత్రూం దగ్గర వరసలో నిలబడాలి. కొంకర్లు పోయిన వేళ్లతో క్యారేజీ మూత తీసి నాలుగు ముద్దలు తినేసరికి బెల్లు కొడతారు. మళ్లీ అన్నీ తొడుక్కుని, క్లోరిన్ నీళ్లలో కాళ్లు ముంచి లోపలికి వెళ్లాలి.

వ్యాన్‌లో పోయే సమయం ఈ పన్నెండు గంటల లెక్కలోకి రాదు.