శాండ్ క్రీక్: జార్జ్ బెంట్ మాట ఎందుకు చెల్లలేదు?

అమెరికాలో చారిత్రక స్థలాల బోర్డుల మీద ఏం రాయాలన్న పేచీ మళ్లీ రాజుకుంది. 2025 మార్చిలో అధ్యక్షుడు ట్రంప్ ఇచ్చిన ఉత్తర్వు తర్వాత, దేశ గతాన్ని కించపరిచే రాతలు కనిపిస్తే తెలపండంటూ జాతీయ పార్కుల సంస్థ నడిపే స్థలాల్లో సందర్శకులకు నోటీసులు పెట్టారు. కొలరాడోలోని శాండ్ క్రీక్ కూడా ఆ సంస్థ చేతిలోదే. దాని అధికారిక పేరులోనే ‘ఊచకోత’ అని ఉంది. ఆ మాట చట్టంలోకి ఎక్కడానికి 2000 సంవత్సరం దాకా పట్టింది.

1864 నవంబరు 29 ఉదయం అక్కడ జరిగింది చాలామంది చదివిందే. కల్నల్ షివింగ్టన్ వెంట వచ్చిన సుమారు 675 మంది సైనికులు చెయెన్, అరాపహో అనే ఆదివాసీ తెగల గుడారాల మీద పడ్డారు. దాదాపు 230 మంది చనిపోయారు, ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. నాలుగైదు వందల మంది యోధులను చంపామని షివింగ్టన్ చెప్పుకున్నాడు. ఏడాది తిరగకుండానే అమెరికా కాంగ్రెస్ సంఘం అతన్ని తీవ్రంగా తప్పుపట్టింది. అయినా కొలరాడోలో దశాబ్దాలపాటు నిలిచింది అతని కథే.

ఆ గుడారాల్లో ఉన్నవాడు జార్జ్ బెంట్. తండ్రి తెల్ల వర్తకుడు విలియం బెంట్, తల్లి చెయెన్ మహిళ ఔల్ వుమన్. 1861లో, పద్దెనిమిదేళ్లు నిండకముందే, అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది పక్షాన మిస్సోరీ స్టేట్ గార్డ్‌ అనే దళంలో చేరి విల్సన్స్ క్రీక్‌లో, పీ రిడ్జ్‌లో పోరాడాడు. 1862లో ఉత్తరాది సేనకు పట్టుబడి, విధేయత ప్రమాణం చేసి విడుదలయ్యాడు. ఆ తర్వాత తల్లి తరఫు వాళ్లను చేరుకున్నాడు. ఫిరంగుల మధ్య నిలబడి వచ్చినవాడికి యుద్ధం ఎలా ఉంటుందో ఒకరు చెప్పక్కర్లేదు.

ఆ ఉదయం అరుపులకు ఉలిక్కిపడి బయటికొచ్చి చూస్తే, చెయెన్ నాయకుడు బ్లాక్ కెటిల్ తన గుడారం ముందు గడకు అమెరికా జెండా కట్టి నిలబడి ఉన్నాడు. జనం వాగు వెంట పైకి పరుగెత్తి, ఒడ్డు కింద ఇసుకలో గుంతలు తవ్వుకుని దాక్కున్నారు. బెంట్‌కు తుంటిలో తూటా దిగింది. సైనికులకు దారి చూపినవాడు సొంత అన్న రాబర్ట్. తన వెంట రమ్మని షివింగ్టన్ ఆజ్ఞాపించాడని రాబర్ట్ తర్వాత వాంగ్మూలం ఇచ్చాడు. ఆ రాత్రి గడ్డకట్టే చలిలో, బతికి ఉన్నవాళ్లు చేతులతో గడ్డి పీకి చిన్న చిన్న మంటలు వేశారు, గాయపడ్డవాళ్ల మీద గడ్డి కప్పారు. ఇదంతా బెంట్ రాసిపెట్టినదే.

ఈ పేచీకి అసలు మలుపు 1864 కాదు, 1906. కొలరాడో స్ప్రింగ్స్ నుంచి వెలువడే ‘ఫ్రాంటియర్’ పత్రికలో బెంట్ జ్ఞాపకాలు ధారావాహికగా వచ్చాయి. షివింగ్టన్ కింద పనిచేసిన జేకబ్ డౌనింగ్ డెన్వర్‌లో మండిపడ్డాడు. బెంట్ దొంగ, అబద్ధాలకోరు, అన్నిటికన్నా ఘోరం సంకరజాతివాడు అన్నాడు. 1865 జనవరిలో జూల్స్‌బర్గ్ అనే ఊరి మీద చెయెన్‌లు, వాళ్ల మిత్రులు చేసిన దాడిలో బెంట్ ఉన్న మాట నిజమే, దాన్ని ఆయన దాచలేదు. కానీ ప్రత్యర్థులు సాక్ష్యానికి జవాబు చెప్పలేదు, సాక్షి పుట్టుకను ఎత్తిచూపారు. రెండు లోకాలూ తెలిసినవాడు కాబట్టే ఆ మాటకు బరువుంది. దాన్నే లోపమన్నారు.

1909లో డెన్వర్‌లోని కొలరాడో శాసనసభ భవనం ముందు అంతర్యుద్ధ సైనికుడి విగ్రహం లేచింది. దాని ఫలకం మీద శాండ్ క్రీక్ యుద్ధాల జాబితాలో చేరింది. బెంట్ 1918లో కన్నుమూశాడు. ఆ ఫలకాన్ని తప్పుపడుతూ పక్కన ఇంకో ఫలకం పెట్టింది 2002లో. విగ్రహాన్ని నిరసనకారులు కూల్చింది 2020 జూన్‌లో.

బెంట్ గుడారాల చోటు చూపిస్తూ పటాలు కూడా గీయించాడు. ఊచకోత జరిగిన చోటు తేల్చడానికి 1999లో పురావస్తు అన్వేషణ జరిపినప్పుడు తూటాలు, వంటపాత్రల ముక్కలు ఆ పటంలోని వాగు వంపుకు దాదాపు మైలు ఎగువన దొరికాయి. 1868 నాటి ఒక సైనికాధికారి పటం ఆ చోటుకు సరిపోయింది. బెంట్ అక్కడ ఉన్నాడు, మీరు లేరు అన్నారు చెయెన్ వారసులు. చివరికి వాగు వంపు, తూటాలు దొరికిన నేల రెండూ లోపల పడేలా స్మారక స్థలానికి సరిహద్దు గీశారు. 2007 ఏప్రిల్‌లో అది సందర్శకులకు తెరుచుకుంది.