ఆరోగ్య సర్వే ప్రశ్నలు: అపోహలు - వాస్తవాలు

ఆరోగ్య సర్వేల్లో అడిగే ప్రశ్నలను జనంలోకి వెళ్ళకముందే పరీక్షించి సరిచేయడం నా పని. తప్పు మందు వేస్తే వికటిస్తుంది, వెంటనే తెలిసిపోతుంది. తప్పు ప్రశ్న అడిగితే అలాంటిదేమీ జరగదు. దానికీ బుద్ధిగా జవాబు వస్తుంది, ట్యాబ్‌లో ఎక్కుతుంది, రిపోర్టులో శాతంగా మారుతుంది. అందుకే ఈ పని అనవసరం అనిపిస్తుందేమో. నేను తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: డాక్టర్లు, ప్రొఫెసర్లు చూసి సరే అన్నాక ఇంకా పరీక్షించేదేముంది?

విషయం సరిగ్గా ఉందో లేదో వాళ్ళు చెప్పగలరు. వినేవాళ్ళకు అది ఎలా తోస్తుందో చెప్పలేరు. "గత మూడు నెలల్లో డాక్టరు దగ్గరికి వెళ్ళారా?" అన్న ప్రశ్ననే తీసుకోండి. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకున్నావిడ వెళ్ళానంటుంది, ఆమెకు ఆయన డాక్టరే మరి. మనవడికి జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళిన తాతగారూ వెళ్ళాననే అంటారు. నెలనెలా పీహెచ్‌సీలో బీపీ మాత్రలు తెచ్చుకునే ఆయన మాత్రం లేదంటాడు, మాత్రలు తీసుకుని వచ్చేశాడు తప్ప డాక్టరుకు చూపించుకోలేదు కాబట్టి. ముగ్గురూ నిజమే చెప్పారు, కానీ మనం అడిగిందానికి కాదు.

జవాబు నోటివరకు రావడానికి నాలుగు మెట్లుంటాయని సర్వే పరిశోధకుడు రోజర్ టూరాంజో 1984లో వివరించారు: అర్థం చేసుకోవడం, గుర్తు తెచ్చుకోవడం, బేరీజు వేసుకోవడం, మనమిచ్చిన ఆప్షన్లలో దాన్ని ఇమడ్చడం. ఏ మెట్టు దగ్గర కాలు జారిందో తెలియాలంటే మనిషి ఎదురుగా కూర్చుని తవ్వాలి. "మూడుసార్లు వెళ్ళానన్నారు కదా, అవి ఏవేవి?" అంటే చాలు, అసలు సంగతి బయటికొస్తుంది. "ప్రశ్న అర్థమైందా?" అని మాత్రం అడగకూడదు. మొహమాటానికైనా అర్థమైందనే అంటారు.

అపోహ: సూటిగా అడిగితే సూటిగా చెప్తారు.

అన్నిసార్లూ కాదు. 2011 జనాభా లెక్కల్లో వైకల్యం ఉందా అని అడిగితే దేశ జనాభాలో 2.21 శాతం మందికే ఉందని వచ్చింది. చూపు మందగించిన పెద్దవాళ్ళను అడిగి చూడండి, వయసు మీదపడిందంటారే గానీ వైకల్యమని ఒప్పుకోరు. ఐక్యరాజ్యసమితి గణాంక కమిషన్ కింద 2001లో ఏర్పడిన, వైకల్య గణాంకాల మీద పనిచేసే వాషింగ్టన్ గ్రూప్ వైకల్యం అన్న మాటే ఎత్తకుండా ఆరు ప్రశ్నలు తయారుచేసింది. "కళ్ళద్దాలు పెట్టుకున్నా చూడటానికి ఇబ్బందిగా ఉందా?" అన్నది మొదటిది. వినడం, నడవడం లేదా మెట్లెక్కడం, గుర్తుపెట్టుకోవడం, స్నానం చేసి బట్టలు వేసుకోవడం, మాట్లాడి అర్థమయ్యేలా చెప్పడం గురించి మిగతావి. ఇబ్బంది లేదు, కొంత ఉంది, చాలా ఉంది, అసలు చేయలేను: ఇవీ జవాబులు. వీటిని కూడా పలు దేశాల్లో పరీక్షించాకే వాడుకలోకి తెచ్చారు.

అపోహ: ఎంత ఎక్కువ కాలం గురించి అడిగితే అంత సమాచారం.

జలుబు నెల తిరగకుండానే మర్చిపోతాం. ఆపరేషన్ ఏడాదైనా గుర్తుంటుంది. జాతీయ నమూనా సర్వే జబ్బుల గురించి అడిగినప్పుడు గత 15 రోజులని, ఆస్పత్రిలో చేరడం గురించి 365 రోజులని అడిగేది అందుకే. కాలం ఎంత ముఖ్యమో ఆ సంస్థ ఖర్చుల సర్వేలోనే తేలింది. 1990లలో తిండి ఖర్చును 30 రోజులకు బదులు 7 రోజులకు, బట్టలు, చదువు లాంటివాటిని 365 రోజులకు అడిగి చూశారు. జనం చెప్పిన ఖర్చు పెరిగింది. పేదలెందరో లెక్కించేది ఆ ఖర్చును బట్టే కాబట్టి, ఆ లెక్కలో దేశంలో పేదల శాతం దాదాపు సగానికి పడిపోయింది! ఎవరి కంచంలోకీ కొత్తగా ఒక్క ముద్ద రాలేదు. తర్వాత 1999-2000లో 7 రోజులు, 30 రోజులు రెండూ ఒకే కాగితం మీద పక్కపక్కనే అడిగారు. ఒక జవాబు రెండోదాన్ని లాగేసింది. ఆ ఏడాది పేదరికం ఎంతన్నది ఆర్థికవేత్తలు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు.

తేదీల విషయంలో చిన్న చిట్కా. "జనవరి తర్వాతా?" అనేకన్నా "సంక్రాంతి తర్వాతా?" అంటే జవాబు నమ్మకంగా వస్తుంది.

అపోహ: ప్రపంచమంతా వాడే స్కేలు (జవాబులకు మార్కులు వేసే ప్రశ్నల జాబితా), మళ్ళీ పరీక్షలెందుకు?

డిప్రెషన్ లక్షణాలు అడిగే తొమ్మిది ప్రశ్నల స్కేలు పీహెచ్‌క్యూ-9. దాని మూడో ప్రశ్నలో నిద్ర పట్టకపోవడం, మరీ ఎక్కువ నిద్రపోవడం రెండూ ఉంటాయి. అవునన్నవాళ్ళు దేనికన్నారో తెలియదు. ఆప్షన్లేమో "కొన్ని రోజులు", "సగం కంటే ఎక్కువ రోజులు", "దాదాపు ప్రతిరోజూ". మనవాళ్ళు "వారంలో నాలుగైదు రాత్రులండీ" అంటారు. సర్వేయరు తనకు తోచిన గడిలో వేసేస్తాడు. మొత్తం 27 మార్కులకు 10 వస్తే డిప్రెషన్ ఉండొచ్చని గీత గీసే స్కేల్లో ఒక్క మార్కు తేడా కూడా మనిషిని అటో ఇటో వేస్తుంది. అలాగని ప్రశ్నలను ఇష్టమొచ్చినట్టు తిరగరాయకూడదు, మిగతా చోట్ల స్కోర్లతో పోల్చడానికి పనికిరాదు. అనువాదాన్ని, చూపించే కార్డును, సర్వేయర్ల ట్రైనింగును సరిచేసుకోవచ్చు.

అపోహ: పది పదిహేను మందితో కూర్చుని ప్రశ్నలు పరీక్షిస్తే ఏం తేలుతుంది?

శాతాలు తేలవు, అవి మాకు అక్కర్లేదు కూడా. ప్రశ్న ఎన్ని రకాలుగా చెడుతుందో తేలుతుంది. అందుకే చదువు, వయసు, ఊరు వేర్వేరుగా ఉన్నవాళ్ళను ఎంచుకుని, సరిచేశాక మళ్ళీ కొత్తవాళ్ళతో కూర్చుంటాం. ఎంత టైమ్ పడుతుంది, ట్యాబ్‌లో ఒక ప్రశ్న నుంచి ఇంకోదానికి సరిగ్గా దూకుతోందా లాంటివి చూడటానికి పైలట్ సర్వే వేరే ఉంది.

అపోహ: కొన్ని విషయాలు ఎలా అడిగినా నిజం చెప్పరు.

ఎవరి ముందు అడుగుతున్నామో కూడా ప్రశ్నలో భాగమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గృహహింస ప్రశ్నలను ఇంటికి ఒక్క మహిళనే అడుగుతారు, అదీ ఏకాంతం దొరికితేనే. దొరక్కపోతే ఆ భాగం వదిలేస్తారు.

అపోహ: ప్రశ్న బాగాలేదని తెలిస్తే వెంటనే మార్చేయాలి.

కొత్త సర్వే అయితే మార్చేయొచ్చు. ఏళ్ళుగా అడుగుతున్న ప్రశ్నను మార్చేస్తే, వచ్చే రిపోర్టులో కనిపించే తేడా జనంలో వచ్చిందా, ప్రశ్న వల్ల వచ్చిందా అన్నది ఎవరూ చెప్పలేరు. వీలైతే ఒక విడతలో సగం ఇళ్ళకు పాతది, సగం ఇళ్ళకు కొత్తది లాటరీ పద్ధతిలో ఇచ్చి రెండింటి మధ్య తేడా కొలవాలి. బడ్జెట్ రాసేటప్పుడే దీనికి డబ్బు అడగండి, తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు.